నాలుగో సీసా

"బావి నీళ్లలో మళ్లీ కిరోసిన్ తేలిందమ్మా."

హత్సుయో చేతిలోని చీపురు విసిరికొట్టింది. అది నీళ్ల పరీక్షకని వచ్చే మనిషి భుజానికి తగిలి మంచులో పడింది.

"మూడుసార్లు బాగుందన్నావు! నాలుగోది కూడా బాగుంటే బావి వాడుకోవచ్చన్నావు!"

"అన్నాను. మట్టిలో మిగిలింది మళ్లీ కిందికి దిగింది. మళ్లీ మొదటి సీసా నుంచి మొదలు."

అంటే ఇంకో ఏడాది. యమగాతా ప్రాంతంలో ఒక కొండ కింద, సోయా పాలు విరిచి తోఫు చేసి అమ్మే ఆమె కొట్టు అప్పటికే రెండేళ్లుగా మూతపడి ఉంది. మున్సిపాలిటీ నీళ్లతో చేసిన తోఫు ఆమెకే గొంతు దిగదు.

అతను చీపురు తీసి గోడకు ఆనించాడు. పెరట్లో నేలలోకి దింపిన గొట్టంలోంచి కిరోసిన్ కలిసిన నీళ్లు తోడి పీపాలోకి పోయసాగాడు. ప్రతి ఆదివారం ఇదే పని. మూడు నెలలకోసారి మాత్రం ఒక సీసా నింపి పరీక్షకు పట్టుకెళ్తాడు.

"ఆదివారం కూడా వదలవేంటయ్యా? మీ ఆవిడ ఇంట్లో ఉండనివ్వదా?"

"ఆవిడ ఉంటే కదమ్మా, ఉండనివ్వడానికి."

హత్సుయో నాలుక కరుచుకుంది. అతను చేతులు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకున్నాడు.

"ఆ డ్రైవరు మీద ఇంకా కోపం పోలేదా అమ్మా?"

రెండేళ్ల కిందట ఇంటి వెనక ట్యాంకులోని కిరోసినంతా ఒక్క పూటలో నేలపాలై బావిలోకి దిగింది. నింపి వెళ్లిన డ్రైవరు కింది కుళాయి బిగించలేదని ఆమే ఫిర్యాదు చేసింది. ఆమె బజారుకెళ్లినప్పుడు వచ్చి, రసీదు తలుపు సందులో పెట్టి పోయిన మనిషి. అతని ముఖం కూడా ఆమె చూడలేదు. వాళ్ల కంపెనీ అతన్ని పనిలోంచి తీసేసింది.

"వాడి ఊసెందుకిప్పుడు?" అని ఆమె లోపలికెళ్లిపోయింది.

మరో ఏడాది గడిచింది. మూడు సీసాలు శుభ్రంగా వచ్చాయి. నాలుగోది తీసుకెళ్లినవాడు మళ్లీ రాలేదు. కాగితం పట్టుకుని పరీక్షశాల నుంచి ఒకమ్మాయి వచ్చింది.

"బావి శుభ్రపడింది మామ్మగారూ. రేపే కొట్టు తెరుచుకోవచ్చు."

హత్సుయో ఆ కాగితాన్ని రెండు చేతులా అందుకుంది.

"ఆ పెద్దమనిషి రాలేదేం? ఈ మాట ఆయన నోట వినాలనుకున్నాను."

"పోయిన నెల చనిపోయారండీ. ఊపిరితిత్తుల జబ్బు."

"అయ్యో! మీ ఆఫీసులో అంత ఓపికైన మనిషి..."

"మా ఆఫీసు మనిషి కాదండీ. మేం మొదటి ఏడాదితోనే ఆపేశాం. ఆ తర్వాత ఆయనే తోడి, ఆయనే సీసా తెచ్చేవారు. కాదనలేక పరీక్షించేవాళ్లం."

"ఆయనకేం పట్టింది?"



"మీ ట్యాంకు నింపిన, కుమగాయి అనే ఆ డ్రైవరు ఆయనే. ఆ రోజు నలభై ఇళ్లు తిరిగారట. కుళాయి బిగించానో లేదో తనకే గుర్తులేదనేవారు. బిగించి ఉండను, ఒక ఇంటి బావి పాడుచేశాను అనుకుంటూనే పోయారు."

హత్సుయో కాగితాన్ని గడపమీద పెట్టింది.

"ఆయన బిగించే వెళ్లాడమ్మా. బజారునుంచి వచ్చాక డబ్బాలోకి కిరోసిన్ పట్టుకుంటూ, పొయ్యిమీద సోయా పాలు పొంగుతున్నాయని, కుళాయి కట్టేయకుండా లోపలికి పరిగెత్తింది నేను."