నిలబడే పనికి బూట్లు

“మడమ దగ్గర ఇంకాస్త మెత్తగా ఉన్నది లేదా అమ్మా?” అంటూ ఆవిడ బొటనవేలితో నొక్కి చూసి నాలుగో జత కూడా పక్కన పెట్టేసరికి, స్టూలు మీద కూర్చున్న మొగుడికి ఒళ్ళు మండింది.

అయిదో జత తెల్ల స్నీకర్లు, పక్కన ఎర్ర గీత. పాతకాలపు బాస్కెట్‌బాల్ బూట్ల తీరే కానీ, చీలమండ కిందకే ఆగేలా పొట్టిగా చేశారని షాపు పిల్ల చెప్పింది.

“బాస్కెట్‌బాలా! పై అరలో డబ్బా అందాలంటే పీట కావాలి, నీకెందుకే ఇవి?” అన్నాడాయన. షాపు పిల్ల వైపు తిరిగి, “మా ఆవిడ ఆటంతా పొయ్యికీ సింకుకీ మధ్యేనమ్మా” అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు.

సూపరింటెండెంటుగా రిటైరై ఆరు నెలలైంది. అప్పట్నుంచీ ఆయన పెత్తనమంతా ఇంట్లోనే. వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఉప్పు దగ్గర్నుంచి గరిటె తిప్పే తీరు దాకా వంకలు పెట్టేవాడు. మధ్యలో ఆరు టీలు. లేస్తే రాజ్యం పోతుందన్నట్టు ఆ కుర్చీ మాత్రం వదిలేవాడు కాదు.

ఇవాళ కూడా “నువ్వే వెళ్ళి తెచ్చుకోరాదూ” అన్నాడు. “మీరు రాకపోతే కుదరదు” అందావిడ. తన సలహా లేనిదే దీనికి చెప్పులు కూడా కుదరవు కదా అని పొంగిపోయి వచ్చాడు.

ఆవిడ అయిదో జత అడుగు వంచి చూసింది. “తడి గచ్చు మీద జారదు కదా?”

“జారదండీ, పట్టు గట్టిది.”

“నూనె చిందితే?”

“తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. వాకింగుకాండీ?”

“కాదమ్మా, నిలబడే పనికి. పొద్దున్న అయిదింటికి మొదలు.”

“నిలబడ్డం కూడా ఒక పనేనా!” ఆయన తొడ చరిచాడు. “మా అమ్మ వట్టి కాళ్ళతో పదిమందికి వండింది. ఏనాడైనా మడమ నొప్పి అందా?”

“అంది. నాతో అంది.”

ఆయన గొంతు సవరించుకున్నాడు. అలాగని మాట తగ్గుతాడా! “సరే, తీసుకో. దీనివల్లనైనా వంట టైముకి అవుతుందేమో చూద్దాం” అని పెద్దమనసు చేసుకున్నాడు.

“అదే చూద్దాం. ఇవి ఖాయం చెయ్యమ్మా” అందావిడ.

షాపు పిల్ల ఆవిడ పాదాల వంక చూసి, “మీకు అయిదో నంబరు సరిపోతుందండీ, తెస్తాను” అంటూ లేచింది.

“నాకు కాదమ్మా, రేపట్నుంచి వంట ఆయనదే.”