ఎవరి నుంచి?

“మొగోని నుంచి ఆడదానికి అంటుతదా గీ రోగం?” పుల్లమ్మ గొంతు లేచింది. “నా కొడుకు నిమ్మళంగనే ఉన్నడు గదా. మరి దీనికి యాడికెల్లొచ్చింది?”

పట్నం దవాఖానలో డాక్టరమ్మ చెయ్యెత్తి ఆగమంది. పుల్లమ్మ కోడలు నాగులమ్మకు గర్భసంచి మూతి దగ్గర క్యాన్సర్ అని, అది భర్త నుంచి అంటి ఉండొచ్చని ఇప్పుడే చెప్పిందామె.

“కంటికి కనపడని వైరస్ ఏదో భర్త నుంచి భార్యకు చేరి, ఏళ్ల తర్వాత ఇలా మారుతుందేమోనని కొందరు డాక్టర్ల అనుమానం. అంతేనమ్మా, ఇంకా తేలలేదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. కరెంటు పెడితే, అంటే రేడియేషన్ ఇస్తే, తగ్గుతుంది.”

అది 1968. అంతకుమించి ఆమెకూ తెలియదు.

పుల్లమ్మ చెవికెక్కింది ఒక్క ముక్కే, భర్త నుంచి అన్నది. నాగులమ్మది మారుమనువు. మొదటి పెనిమిటి చనిపోయాక సోమన్న చేసుకున్నాడు. రేపు ఊరంతా ఏమంటుందో నాగులమ్మకు ఇప్పుడే వినపడుతోంది. కొంగు నోట్లో కుక్కుకుంది.

గోడకానుకుని ఉన్న సోమన్న ముందుకొచ్చాడు.

“దాన్నేమనకే అమ్మా. నా నుంచే వచ్చింది.”

“నీ నుంచా?”

“మనువుకు ముందు షోలాపురం మిల్లుల పని జేసిన గదా. గాడ తప్పుదారి తొక్కిన.”

పుల్లమ్మ కొడుకు మొహంలోకి చాలాసేపు చూసింది. బల్ల మీద కూలబడింది.

రోగం కన్నా ఆ మాటే నాగులమ్మను ఎక్కువ కోసింది. మొగుడితో మాట్లాడడం మానేసింది. కరెంటు పెట్టించుకొచ్చి వార్డులో పడుకున్నప్పుడు అతను జావ తెస్తే గోడవైపు తిరిగేది. గిన్నె పక్కన పెట్టి అతను వరండాలోకి పోయేవాడు.

అత్త మాత్రం మారిపోయింది. తల దువ్వేది, కాళ్లు పిసికేది. సొంతూరు ఆలేరు నుంచి చూడవచ్చిన చుట్టాలు గుసగుసలాడితే, “నా కొడుకు జేసిన పాపం. దీని తప్పేం లేదు” అని తనే ముందుగా చెప్పేది.

ఒకనాడు జావ అలాగే చల్లారిపోవడం చూసి పుల్లమ్మ మంచం మీద కూర్చుంది.

“జర తాగు బిడ్డా. వాని మీద ఇంకెన్నాళ్లు కోపం?”

“షోలాపురం ముచ్చట నాకు ఎన్నడన్న చెప్పిండా అత్తా?” నాగులమ్మ గోడవైపు తిరిగే అడిగింది.

పుల్లమ్మ వరండా వైపు చూసి గొంతు తగ్గించింది.

“షోలాపురమా? వాడు పుట్టినకాంచి రైలెక్కింది ఒక్కపారే బిడ్డా. నిన్ను గీ దవాఖానకు తోల్కొచ్చిననాడు.”