ఇరవయ్యో పన్ను

"మళ్ల వల దారం పంటితోని కొరికినవా తాతా?"

"అవ్ బిడ్డా, కొరికిన."

ఎంకయ్య అబద్ధమన్నా ఆడడు. డాక్టర్ త్రివేణికి ఒళ్లు మండింది.

ఇబ్రహీంపట్నం చెరువులో చేపలు పట్టే ఎంకయ్యకు ముందరి పన్ను ఒకటి విరిగింది. పంటి వేరులో సన్నని ఫైబర్ పోస్టు నిలబెట్టి, దాని మీద కాంపోజిట్ అనే పంటిరంగు ముద్దతో పన్ను కట్టింది త్రివేణే. ఆ రెండింటి అతుకు రెండేళ్లు నిలుస్తుందా లేదా అన్నదే డెంటల్ కాలేజీలో ఆమె పీజీ పరిశోధన.

"ఇంట్ల కత్తెర లేదా నీకు?"

"ఉన్నది. పన్ను గట్టిదనం తెల్వాలంటే దానికి పని జెప్పాలె గద!"

"నాకే పాఠం చెప్తవా? గది ఊడితే నా కష్టమంత ఖరాబ్. ఇగ రాకు!"

"మళ్ల ఆర్నెల్లకు గద బిడ్డా," అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు ఎంకయ్య.

ఆర్నెల్లు గడిచాయి. అలాంటి పన్నే కట్టించుకున్న ముప్పై మందిని చివరిసారి పళ్లు చూడటానికి పిలిస్తే పందొమ్మిది మందే వచ్చారు. మిగతావాళ్లలో కొందరు ఊళ్లు మారారు, కొందరు ఫోనే ఎత్తలేదు. ఎంకయ్యా రాలేదు.

"ఇరవైకి ఒక్కరు తగ్గినా థీసిస్ చెల్లదు," తేల్చి చెప్పాడు ప్రొఫెసర్.

మొహం చెల్లకపోయినా ఎంకయ్య ఇల్లు వెతుక్కుంటూ బయలుదేరింది త్రివేణి. రావద్దన్న నోటితోనే రమ్మని బతిమాలుకోవాలి మరి.

గడపలో ఆయన భార్య యశోదమ్మ చిరిగిన వల బాగుచేస్తోంది.

"తాత లేడా అమ్మా?"

"గుండె ఆగిపోయింది బిడ్డా. నెలాయె."

త్రివేణి ఆమె పక్కనే గడప మీద కూర్చుంది. థీసిస్ సంగతే మరిచిపోయింది.

"నేనే రావొద్దని కసిరిన..."

"ఆయన ఇంటడా? 'నా నోట్ల ఉన్నది పన్ను గాదు, గా బిడ్డ చదువు' అనేటోడు. పెయ్యి బాగలేకున్నా నీ తారీఖు తప్పలే."

ఎంత మనిషిని ఎంత మాటన్నాను అనుకుంటే త్రివేణికి కళ్లు నిండాయి.

"ఎక్కడ మట్టి చేసిన్రమ్మా? ఒక్కసారి దండం పెట్టుకుంట."

యశోదమ్మ విడ్డూరంగా చూసింది.

"నీకు తెల్వదా? గుండెల బలం లేదని ఆయనకెరుకే. నువ్వు కోపం జేసిన నాడే, 'నేను తారీఖు దాక ఉంటనో ఉండనో, బిడ్డ పన్ను చూస్కోవాలె' అని దేహం దానమిస్తున్నట్టు కాయితం రాసిచ్చొచ్చిండు. నెల సంది మీ కాలేజిలనే, పిల్లలు దేహాలు కోసి చదువుకునే కింది అర్రల నీ కోసమే ఉన్నడు బిడ్డా."