ఏ రామాంజనేయులు?

రామాంజనేయుల్ని ఊళ్లోకి చొరబడ్డ ఇరాకీ సైనికులు ట్రక్కెక్కించుకుపోయారన్న కబురు మధ్యాహ్నం సూరిబాబు తెచ్చాడు. పక్క ఫ్లాటు గంగారత్నం మొగుడాయన.

“ఏ రామాంజనేయులు?” అంది కళావతి. ఆ గొంతు తనది కాదనిపించింది.

“అదే తెలీటం లేదమ్మా. రొట్టెల క్యూలోంచి లాక్కుపోయారంట. కడపాయన అన్నారు, అంతే. షువైఖ్ గ్యారేజీలో చేసేది మీ ఆయన. ఊరవతల షుఐబాలో ఇంకోడున్నాడంట కదా, అదే పేరు, అదే కడప.”

పెళ్లై రెండు నెలలు. పసుపుతాడు రంగు ఇంకా జాకెట్టుకు అంటుతూనే ఉంది. గ్యారేజీ నుంచి పాత కారు అద్దం తెచ్చి గోడకు బిగించి, “నీ సొగసుకు ఇది చాలదులే మే!” అన్నాడు మొగుడు. రోజూ పదిసార్లు చూసుకునే ఆ అద్దంలోకి ఇప్పుడు చూడాలంటే భయమేసింది.

దూరంగా తుపాకులు పేలాయి.

బి.ఏ.లో చదివిన పాఠం ఉన్నట్టుండి గుర్తొచ్చింది. రోమన్ సామ్రాజ్యం చివరి రోజులు. ఒకే తాత పేరు పెట్టుకున్న ఇద్దరు మనవళ్లు. ఇద్దరూ థియోడోసియస్‌లే. పెళ్లైన వారానికి ఇది చెబితే మొగుడు పడీపడీ నవ్వాడు. “ఒకన్ని పిలిస్తే ఇద్దరూ పలుకుతారు గదమే, ఏం తంటా!”

ఆ ఇద్దరిలో ఒకడు చక్రవర్తి అయ్యాడు. ఒకడు పసికందుగానే పోయాడు.

గంగారత్నం మంచినీళ్లు తాగించింది. “ఏడవకమ్మా. ఆ రెండోవోడే అయ్యుంటాడు. అలాగే అవ్వాలని దణ్ణం పెట్టుకో.”

కళావతి చేతులు జోడించింది. వెంటనే విడదీసేసింది.

“దేవుడేం అనుకోడే! నీ పసుపుకుంకాలు నువ్వు అడుక్కోపోతే ఎవరడుగుతారు? ఉండు, నేనడుగుతాను.”

“వద్దక్కా!” కళావతి ఆమె చేతులు గట్టిగా పట్టేసుకుంది.

మెట్ల మీద బూట్ల చప్పుడు. పైకి వస్తోంది. సూరిబాబు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. చప్పుడు గుమ్మం ముందు ఆగింది.

“తలుపు తీయ్ మే, నేనే!”

ఆయనే. చంకలో రొట్టెల పొట్లం, ఒళ్లంతా దుమ్ము. కళావతి ఆ ముఖాన్ని రెండు చేతులతో తడిమింది. వెక్కి వెక్కి ఏడ్చింది.

“చూశావా! ఆ రెండోవోడేనని చెప్పానా!” గంగారత్నం చప్పట్లు కొట్టినంత పని చేసింది.

కళావతి భర్త చొక్కాను గుప్పిళ్లతో పట్టుకుని, “షుఐబాలో ఉండే మా అన్నను తీస్కపోయినారు బావా!” అంది.