నడవనివ్వని మర్యాద

సత్యవేణిని మంచాన పడేసింది మీరే. ముక్తేశ్వరం మర్యాదస్తులూ, మిమ్మల్నే అంటున్నాను.

ఆవిడ అమ్మమ్మకీ అమ్మకీ పక్షవాతమే. “రక్తంలో వచ్చిన ముప్పమ్మా, తీసెయ్యలేను. రోజూ గబగబా నడిస్తే తగ్గించుకోవచ్చు,” అన్నారు అమలాపురం డాక్టరుగారు. మర్నాటినుంచి సత్యవేణి కాలవగట్టు మీద నడిచింది.

మీరేం చేశారు? “ఎక్కడికండీ?” అన్నారు. ఊరికే నడుస్తున్నానంటే నమ్మలేదు. “అయ్యో, నడవడమేటండీ, ఎక్కండి, దింపేస్తాను,” అని స్కూటరాపారు. ఎక్కకపోతే, “గట్టు మీద ఈవిడ కోసం ఎవరో కాసుక్కూచున్నారండోయ్!” అని నవ్వారు.

నెల తిరక్కుండా ఆవిడ నడక మానేసింది. మరుసటేడు వంటింట్లో కూలిపోయింది. కుడిపక్క పడిపోయింది, మాట ముద్దయిపోయింది. నడిచినా పడేదే అంటారా? అది తేల్చుకునే అవకాశమైనా ఇచ్చారా?

నిన్న పొద్దున్న కూతురు అనిత గుమ్మం దిగింది. “నాదీ అదే రక్తం కదమ్మా, నడిచొస్తాను.”

సత్యవేణి ఎడంచేత్తో ఆ పిల్ల చున్నీ పట్టుకుంది. “వద్దే... నవ్వుతారు.”

పడిపోయాక ఆవిడ నోట స్పష్టంగా వచ్చిన మొదటి మాట అదే. అనిత లోపలికి వెళ్ళిపోయింది.

నా డిమాండ్లు ఇవి:

నడిచే ఆడదాన్ని ఎక్కడికని అడక్కండి.
బండి ఆపకండి.
మీ ఇంటి ఆడవాళ్ళనీ నడవనివ్వండి.
సత్యవేణి దగ్గరికెళ్ళి, “ఇంక మేం నవ్వం” అని చెప్పండి.