రికార్డు మీద గీత

"ఆ ఏడుపు పాట మళ్లీ వినపడిందంటే నీ వీసా ఖలాస్, హుస్సేనమ్మా!"

గుమ్మంలో నిలబడి వేలు ఆడించాడు గల్ఫ్‌లో రాస్ అల్ ఖైమా రాళ్ల క్వారీని నడిపే ముదీర్, అంటే మేనేజరు, హయాత్ బాషా.

హుస్సేనమ్మ చేటలోంచి తల ఎత్తలేదు.

"నేనేం పెడతా సారూ? జర్మనీ అవ్వ పెడతాది. ఆమె కొడుకు మీ పెద్ద ఇంజినీరే గదా, ఆయప్పకే చెప్పుకోండి."

ఇంజినీరుకు చెప్పే గుండే ఉంటే, ముదీర్ పనిమనిషి మీదికెందుకు వస్తాడమ్మా!

అది ఎనభై ఒకటో సంవత్సరం; అవ్వ కొడుకింటికి వచ్చి నెల. వచ్చిన సాయంత్రమే పాటల పెట్టె తెరిచి నల్లటి రికార్డు తిప్పింది. పెద్ద యుద్ధానికి ముందటి సినిమా పాటంట. మాట అర్థం కాదు గానీ, వింటే పోయినోళ్ల కోసం ఏడ్చినట్టుంటుంది.

ఇంట్లో ఎవరో పోయారనుకుంది హుస్సేనమ్మ. చావింట్లో పొయ్యి వెలగదు గదా! తన గదిలోనే అన్నం, పప్పు వండి మూతపెట్టి తెచ్చింది. అవ్వ పకపకా నవ్వి, గిన్నె ఊడ్చుకుని తినింది.

అప్పటినుంచి ఇద్దరికీ జత కుదిరింది.

పాటలో ఒకచోట గొంతు జీరపోతుంది. రికార్డు మీద గీత పడిందనుకుని హుస్సేనమ్మ రోజూ కొంగుతో రుద్దేది. అవ్వ ముసిముసిగా నవ్వేది.

"గోడవతల కూలోళ్లు పని దిగొచ్చి, ఈ పాట వింటా కూలబడతారు," అన్నాడు ముదీర్. "తెల్లారితే ఇంటికి పోతాం, సెలవియ్యమంటారు. నా క్వారీ ఎవడు నడపాల? తుడిచేటప్పుడు నీ చేయి జారిందనుకో, పీడా పోతాది."

పులివెందులలో హుస్సేనమ్మ ఇల్లంతా ఆ వీసా మీదే బతుకుతోంది.

"నా చేయి జారదు సారూ."

"వీసా..."

"తీసుకోపోండి. జారదంటే జారదు."

ముదీర్ తనే లోపలికొచ్చాడు. అవ్వకు వంగి సలాం పెట్టాడు. రికార్డు చేతిలోకి తీసుకుని, మెచ్చుకున్నట్టు అటూ ఇటూ తిప్పి, వదిలేశాడు.

ముక్కలు.

"అయ్యో, సారీ మేడమ్!"

అవ్వ ముక్కలు చూసింది. అతని మొహం చూసింది. లేచి కిటికీ దగ్గరికి నడిచింది.

అతను గేటు దాటాడో లేదో, పాట మొదలైంది.

రొప్పుతూ వెనక్కొచ్చాడు. "ఇంకో రికార్డు దాచినావా?"

"అల్లా తోడు, ఉండిందే అదొకటి!"

పెట్టె మూత మూసే ఉంది. కిటికీ దగ్గర వెన్ను నిటారుగా పెట్టి నిలబడి ఉంది అవ్వ. గోడవతల కూలోళ్లు అప్పటికే కూర్చున్నారు.

"మూయ్ ఆ కిటికీ! యల్లా, తొందరగా!"

హుస్సేనమ్మ లేచింది. కిటికీ దాకా పోయింది. మూసి ఉన్న రెండో రెక్క కూడా బార్లా తీసింది.

అవ్వ గొంతు పెంచింది.

అదే చోట, అదే జీర: గీతనుకుని హుస్సేనమ్మ నెల్లాళ్లు కొంగుతో రుద్దింది ఈ అవ్వ గొంతునే.