అద్దం పట్టిన మనిషి

"తాతా, పాఠం నడుస్తుంది. జర పక్కకు జరుగు," అంది కృప టీచర్.

కోహెడ దగ్గర ఒక ఊరి బడి. ఏడో తరగతికి ఆమె కాంతి పరావర్తనం చెబుతోంది. పిల్లలు వరండాలో నిలబడి, చేతి అద్దాలతో ఎండను తరగతి గోడ మీది సుద్ద చుక్కపైకి పంపాలి.

ఎవరి వెలుగూ చుక్క మీద ఆగడం లేదు. గోడంతా గంతులేస్తోంది.

బడి బావిలో పూడిక తీయడానికొచ్చిన దుబ్బయ్య పక్కకు జరగలేదు.

"పిల్లలు అద్దం మస్తు తిప్పుతున్నరు టీచరమ్మా. అద్దం గింత తిప్పితే, వెలుగు దానికి రెండింతలు జరుగుతది."

కృప అతని వైపు తిరిగింది. ఆ మాట పిల్లల పుస్తకంలో లేదు. తను కాలేజీలో చదివింది.

"ఏదీ, నువ్వు చూపియ్యి."

అతను అనూహ్య అనే అమ్మాయి చేతిలోని అద్దం తీసుకున్నాడు. వెలుగు పోయి చుక్క మీద వాలింది.

"ఇంకో అద్దం పట్టుకొని లోపట గాడ నిలబడు బిడ్డా."

అనూహ్య నిలబడింది. వెలుగు ఆమె అద్దాన్ని తాకి, మలుపు తిరిగి, ఎప్పుడూ చీకటిగా ఉండే సామాన్ల గదిలోకి పోయింది. అక్కడ మూలకున్న పాత పటంలో ఊళ్ల పేర్లు కనిపించాయి.

పిల్లలు ఆ పేర్లు పైకి చదవసాగారు.

గంట కొట్టేదాకా ఆ వెలుగు పటం మీద నుంచి కదల్లేదు. ఎండ జరుగుతున్నకొద్దీ అతని మణికట్టు వెంట్రుకవాసి తిరుగుతోంది, అంతే.

"ఏ బడిల నేర్చుకున్నవ్ తాతా?" అని అడిగింది కృప.

"బాయిల కాడ. లోపట తవ్వెటోళ్లకు పైనుంచి నేనే వెలుగు పట్టేది."

సిద్దిపేటలో జరిగే సైన్స్ ఫెయిర్‌కు అతన్ని తీసుకెళ్లాలనుకుంది కృప. ఇంతలో పరీక్షలొచ్చాయి. ఇరవై రోజులకు గానీ అతని ఇల్లు వెతుక్కుంటూ పోలేకపోయింది.

గడపలో అతని భార్య సాయవ్వ కూర్చుని ఉంది.

"ఆయన పోయి వారమైంది బిడ్డా."

కృప ఆమెకు ఆ రోజు క్లాసులో జరిగింది చెప్పింది.

సాయవ్వ తలూపింది.

"ముప్పయ్యేండ్ల కింద ములుగు దిక్కు ఓ బాయి కూలింది. ఒక కూలి మనిషి నడుముదాక మట్టిల కూరుకపోయిండు. తోడి తీసెతందుకు పొద్దు గూకేదాక పట్టింది. చీకట్ల భయపడి పానం ఇడుస్తడేమోనని ఈయన ఒడ్డు మీద అద్దం పట్టి నిలబడ్డడు. పొద్దు ఎటు తిరిగితే గటు తిరుక్కుంట. నీళ్లు సుత తాగలే."

"ఆయన బతికిండా?"

"బతికిండు. సోయి లేకుంట, కండ్లు తెరవకుంటనే దవాఖానకు తీస్కపోయిన్రు. ఎవరో, ఏ ఊరో మాకు తెల్వదు."

కృప ఆ గడపలో సాయవ్వ పక్కన కూర్చుంది.

ఆమె తండ్రి యోబు ఏటా చర్చిలో లేచి నిలబడి చెప్పే సాక్ష్యం ఒక్కటే: తాను బావిలో కూరుకుపోయిన నాడు, పైకి తీసేదాకా దేవుడు సూర్యుణ్ణి తన నెత్తి మీద నుంచి కదలనివ్వలేదని.